రానూ పోనూ

రైలు మీద గుణుపూర్ వెళ్లాలనుకున్న మనిషికి నౌపడ తప్ప గతి లేదు. హౌరా–చెన్నై మెయిన్ లైను మీద పలాస నుంచి దక్షిణానికి వస్తే పూండి దాటాక నౌపడ జంక్షన్. అక్కడ చీలిన లైను టెక్కలి, టెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ దాకా పోయి ఆగుతుంది. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను ఇది. 1900లో మొదటి బండి నడిచింది. రెండున్నర అడుగుల పట్టాల మీద నూరేళ్లకు పైగా నడిచి, 2004లో ఆగి, బ్రాడ్‌గేజి అయి, 2011 నాటికి మళ్లీ గుణుపూర్ చేరింది. పట్టాల వెడల్పు మారింది, ఇంజను మారింది, ఆ లైను స్వభావం మాత్రం మారలేదు. టెక్కలి స్టేషన్లో బండెక్కినవాడు హౌరా వెళ్లాలన్నా, చెన్నై వెళ్లాలన్నా ముందు నౌపడ చేరాల్సిందే. టెక్కలిలో టిక్కెట్టు ఇచ్చే మనిషికి దేశంలోని జంక్షన్లన్నీ కంఠస్థం కానక్కర్లేదు. లోకమంతా నౌపడ వైపే ఉందని తెలిస్తే ఆయన పని జరిగిపోతుంది.

పలాస–కాశీబుగ్గ, టెక్కలి, సోంపేటల్లో చిన్నచిన్న ఆఫీసులకు నెట్‌వర్క్ పెట్టడం నా పని. టెక్కలి ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకునే కుర్రాళ్లు సెలవుల్లో నా వెంట తిరుగుతుంటారు. స్టాటిక్ రూట్ అంటే ఏమిటో చెప్పమన్నప్పుడు నేను ముందు ఈ లైను గురించే చెబుతాను. ఒకే దారిలో వెళ్లి అదే దారిలో తిరిగి రావలసిన నెట్‌వర్క్‌ను స్టబ్ నెట్‌వర్క్ అంటారు. మా ప్రాంతంలో నేను చూసిన ఆఫీసుల్లో నూటికి తొంభై అలాంటివే. చివరన ఉన్నవాళ్లం మనం. చివరన ఉన్నవాడికి దారి వెతుక్కునే తెలివితేటలు అంతగా అవసరం లేదు. ఉన్న ఒక్క దారీ సరిగ్గా రాసిపెట్టి ఉంటే చాలు.

ఆ రాసిపెట్టడమే స్టాటిక్ రూట్.

రౌటర్‌కి ఒక పట్టిక ఉంటుంది. ఫలానా చిరునామాలకు పోయే ప్యాకెట్ వస్తే ఫలానా పక్కింటివాడి చేతికి ఇవ్వు అని అందులో వరుసలుంటాయి. గమ్యం దాకా దారి మొత్తం ఏ రౌటర్‌కీ తెలియదు, తన తర్వాతి అడుగు ఒక్కటే తెలుసు. పట్టికలోకి వరుసలు మూడు రకాలుగా వస్తాయి. రౌటర్‌కి నేరుగా తగిలించిన వైర్ల అవతల ఉన్నవి అవే చేరతాయి. పక్క రౌటర్లతో మాట్లాడి కొన్నింటిని తనంతట తానే నేర్చుకుంటుంది, ఓఎస్‌పీఎఫ్, రిప్ లాంటి ప్రోటోకాల్స్ చేసే పని అది. మిగిలినవి మనిషి కూర్చుని చేత్తో రాస్తాడు.

కాశీబుగ్గలో ఒక జీడిపప్పు వ్యాపారి ఆఫీసు ఉందనుకోండి, లోపలి చిరునామాలు 192.168.10.0. టెక్కలిలో ఆయన గోడౌన్ ఉంది, అక్కడ 192.168.20.0. రెండు ఊళ్ల మధ్య లీజు లైను, దానికి కాశీబుగ్గ కొసన 10.0.0.1, టెక్కలి కొసన 10.0.0.2. కాశీబుగ్గ రౌటర్లో కొట్టాల్సింది ఒక్క వరుస: ఐపీ రూట్ 192.168.20.0 255.255.255.0 10.0.0.2. మొదటిది చేరాల్సిన ఊరు. రెండోది ఆ ఊరి పొలిమేర ఎక్కడిదాకా అన్నది, అదే మాస్క్. మూడోది ఎవరి చేతికి అందించాలన్నది, నెక్స్ట్ హాప్. మూడో చోట చిరునామాకు బదులు ఇంటర్‌ఫేస్ పేరు మాత్రమే రాసేవాళ్లుంటారు. రెండే కొసలున్న సీరియల్ లైనుకి అది చెల్లుతుంది. ఈథర్‌నెట్ వైరుకి చెల్లదు. అక్కడ అలా రాస్తే అవతలి ఊరి యంత్రాలన్నీ ఈ వైరుకే తగిలించి ఉన్నాయని రౌటర్ నమ్ముతుంది. ఒక్కొక్క చిరునామా కోసం ‘నువ్వున్నావా’ అని వైరు మీద కేకలేస్తూ కూర్చుంటుంది. అవతలి రౌటర్ పెద్దమనసు చేసుకుని అందరి తరఫునా ‘ఉన్నాను’ అని బదులిస్తేనే పని జరుగుతుంది. నెక్స్ట్ హాప్ చిరునామా రాయడానికి మరో పది అక్షరాలు కొట్టాలి, అంతే. కొట్టండి.

వరుస కొట్టి ఎంటర్ నొక్కగానే చాలామంది కుర్రాళ్లు కుర్చీలోంచి లేస్తారు. పని సగమే అయింది. టెక్కలి రౌటర్లో 192.168.10.0కి పోవాలంటే 10.0.0.1కి ఇవ్వు అని ఇంకో వరుస రాయాలి. వెళ్లిన ప్యాకెట్‌కి జవాబు వేరే ప్యాకెట్. అది తన దారి తాను వెతుక్కోవాలి. వచ్చిన దారినే తిరిగి వెళ్లాలన్న సంగతి దానికి ఎవరూ చెప్పరు. అవతలి రౌటర్‌కి మన ప్యాకెట్ ఎటునుంచి వచ్చిందో గుర్తుండదు. తన పట్టికలో ఏముందో అదే దానికి లోకం.

ఇది పుస్తకాల్లో ఒక వాక్యంగా ఉంటుంది. మా దగ్గర దాని బరువు వేరు. సోంపేట వైపు ఒక రక్తపరీక్షల ల్యాబు ఉంది. అసలు సర్వర్ ఒకచోట, నమూనాలు తీసుకునే కేంద్రం ఇంకోచోట. ఆ కేంద్రాన్ని కొత్త భవనంలోకి మార్చి, 192.168.30.0 అనే కొత్త చిరునామాలు ఇచ్చారు. కొత్త చోటి రౌటర్లో సర్వర్ వైపు వరుస రాసి, లైటు పచ్చగా వెలుగుతోందని చూసుకుని పెట్టినవాళ్లు వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్నుంచి ఒక్క రిపోర్టూ తెరుచుకోలేదు. నేను వెళ్లేసరికి బెంచీల మీద జనం నిండి ఉన్నారు. కౌంటర్లో ఉన్న అమ్మాయి, “ఇక్కడ్నించి ఎల్తంది అన్నియ్యా, అటేపు ఏటైపోతందో తెల్దు” అంది. గోడవారన కూర్చున్న పెద్దాయన లేచి వచ్చి, “బావూ, ఆ కిరాటిన్ ఎంతొచ్చిందో తొరగా సెప్పీయండి, బస్సెల్లిపోద్ది” అన్నాడు.

ఉద్దానంలో, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ అనే మాట తెలియని గడప లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఈ మండలాల్లో బడి మొహం చూడని ముసలమ్మ కూడా తన క్రియాటినిన్ అంకె చెబుతుంది. ఏళ్ల తరబడి ఎందరో డాక్టర్లు వచ్చి నీళ్లు, మట్టి, రక్తం పట్టుకెళ్లారు. మూత్రపిండాలు ఇంతమందికి ఎందుకు పాడవుతున్నాయన్నదానికి అందరూ ఒప్పుకునే కారణం ఇంకా దొరకలేదు. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. ఇలాంటి చోట ఒక రిపోర్టు కనబడకపోవడమంటే కంప్యూటర్ పనిచేయకపోవడం కాదు. బస్సు తప్పిపోవడం, ఇంకో రోజు కూలి పోవడం, డాక్టరు మందు మార్చడం ఒక వారం వెనక్కి పోవడం.

కౌంటర్ వైపు ఎంత వెతికినా తప్పు దొరకదు, ఎందుకంటే అక్కడ తప్పు లేదు. నేను సర్వర్ ఉన్నచోటికి ఫోన్ చేసి అక్కడి రౌటర్ మీద వచ్చే ప్యాకెట్లు చూడమన్నాను. వస్తున్నాయి. అడిగే ప్రతి ప్యాకెట్టూ చేరుతోంది. సర్వర్ ప్రతిదానికీ జవాబిస్తోంది కూడా. ఆ జవాబు సర్వర్ గేట్‌వే అయిన రౌటర్ దగ్గరికి వస్తోంది. దాని పట్టికలో 192.168.30.0 అన్న వరుసే లేదు. వరుస లేకపోతే డిఫాల్ట్ దారి. అక్కడ డిఫాల్ట్ అంటే ఇంటర్నెట్ లైను. ఆ పెద్దాయన రిపోర్టు కోసం బయల్దేరిన జవాబులన్నీ బయటి లోకంలోకి పోయి, 192.168 అంకెల్ని అక్కడ ఎవరూ పట్టించుకోరు కనక, రాలిపోతున్నాయి. సర్వర్ వైపు రౌటర్లో ఒక్క వరుస రాశాం. బెంచీల మీద ఉన్నవాళ్ల పేర్లు పిలవడం మొదలైంది.

దీని వెనకున్న లెక్క తెలుసుకోవాలి. రిపోర్టుల సాఫ్ట్‌వేర్ టీసీపీ మీద నడుస్తుంది. టీసీపీలో ముందు ఇటునుంచి ఒక పలకరింపు, అటునుంచి దానికి జవాబు, మళ్లీ ఇటునుంచి అందిందన్న మాట, ఈ మూడూ జరిగాకే అసలు సంగతి మొదలవుతుంది. రెండోది రాకపోతే మూడోది లేదు, మూడోది లేకపోతే రిపోర్టు లేదు. తిరుగు దారి లేని టీసీపీకి పోయే దారి ఎంత బాగున్నా ఫలితం సున్నా. మాటలు మోసే వాయిస్ ప్యాకెట్ల సంగతి వేరు. అవి ఒక్క వైపే పోగలవు. ఆఫీసుల మధ్య ఐపీ ఫోన్లలో ఒకరి మాట ఒకరికి వినబడి, రెండోవారిది వినబడకపోతే, నేను ముందుగా తిరుగు దారి వరుసే చూస్తాను.

మనవాళ్లు దీన్ని మరిచిపోవడానికి ఒక కారణం ఉంది. ఇంట్లో వాడే రౌటర్‌కి తిరుగు దారి ఎవరూ రాయరు. అది బయటికి పోయే ప్రతి ప్యాకెట్ మీదా లోపలి చిరునామా తీసేసి తన చిరునామా వేస్తుంది, ఎవరి తరఫున వేసిందో ఒక పట్టికలో రాసుకుంటుంది, జవాబు రాగానే ఆ పట్టిక చూసి లోపలివాళ్లకి అందిస్తుంది. దానిపేరు నాట్. కవిటిలో ఒక తల్లి పోర్ట్‌బ్లెయిర్‌లో పనిచేసే కొడుకుతో రాత్రి వీడియో కాల్ మాట్లాడుతుంది. మా జిల్లా నుంచి అండమాన్ వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు తక్కువేం కాదు. చెన్నై నుంచి అండమాన్‌కి సముద్రగర్భంలో సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. అంతకుముందు ఉపగ్రహమే దిక్కు. ఆమె ఇంటి రౌటర్లో బయటికి ఉన్న దారి ఒకే ఒక్కటి: 0.0.0.0, మాస్క్ కూడా 0.0.0.0. లోకంలో ఏ చిరునామా అయినా సరే ఇటే ఇవ్వు అని దాని అర్థం. ఎంత పెద్ద మాట అది! ఎవరినీ తెలియదంటూనే అందర్నీ చేరగలనంటుంది. ఆ ఒక్క వరుసా, నాట్ పట్టికా కలిసి కొడుకు మొహం ఆమెకి చూపిస్తున్నాయి. అది చూసిన కుర్రాడు ఆఫీసులోనూ పోయే దారి రాస్తే చాలుననుకుంటాడు. ఆఫీసు రెండు కొసల మధ్యా నాట్ ఉండదు. అక్కడ తిరుగు దారి మనిషే రాయాలి.

డిఫాల్ట్ గురించి ఇంకొక్క మాట. రెండు ఊళ్ల రౌటర్లూ తెలియనిదంతా నీకే అని ఒకదానికొకటి డిఫాల్ట్ చూపించుకుంటే, ఎవరికీ తెలియని చిరునామాకు పోయే ప్యాకెట్ రెండింటి మధ్యా తిరుగుతూనే ఉంటుంది. ప్రతి రౌటర్ దాటినప్పుడు ప్యాకెట్ ఆయుష్షులోంచి ఒకటి తగ్గాలన్న నియమం ఇంటర్నెట్ మొదలైనప్పటినుంచీ ఉంది కాబట్టి అది ఎప్పటికో సున్నా అయి రాలిపోతుంది. ట్రేస్‌రూట్ కొడితే అవే రెండు చిరునామాలు కిందిదాకా ఒకదాని తర్వాత ఒకటి కనబడతాయి.

కాలేజీలో ప్యాకెట్ ట్రేసర్ మీద పాఠం నేర్చుకున్నవాళ్లు అడిగేది ఒకటుంది. ఓఎస్‌పీఎఫ్ పెట్టేస్తే రౌటర్లే ఒకదానికొకటి చెప్పుకుంటాయి కదా, చేత్తో రాయడం పాతకాలపు పని కాదా అని. పాతకాలపుది కాదు. నిజానికి ఇంటర్నెట్‌కి మూలమైన అర్పానెట్ 1969లో మొదలైనప్పుడే రౌటర్లు తమంతట తాము దారి నేర్చుకునే పద్ధతితో మొదలైంది. ఆ పద్ధతికీ గండాలున్నాయి. 1980 అక్టోబర్ 27న అర్పానెట్ మొత్తం కొన్ని గంటలపాటు స్తంభించిపోయింది. ఒక యంత్రం చెడి, దాని సమాచారంలో కొన్ని బిట్లు తారుమారయ్యాయి. ఆ తప్పు సమాచారాన్ని తక్కిన యంత్రాలన్నీ నిజమని నమ్మి ఒకదాని నుంచి ఒకటి అందుకుంటూ పోయాయి. ఇరుగుపొరుగు చెప్పింది వినే గుణమే అక్కడ ప్రాణం మీదికి తెచ్చింది. పది రౌటర్లున్నచోట, దారులు మూడునాలుగున్నచోట ఓఎస్‌పీఎఫ్ పెట్టాలి, సందేహం లేదు. ఒకే లైను చివర ఉన్న గోడౌన్‌కి ఎందుకు? దారి ఒకటే అయినప్పుడు రౌటర్లు చర్చించుకోవడానికి ఏముంది? రెండు వరుసలు చేత్తో రాసినచోట చదవడానికి రెండు వరుసలే ఉంటాయి, చెడితే రెండే వెతకాలి. తెలియని యంత్రం ఏదైనా వైరుకి తగిలి నాకు ఫలానా దారి తెలుసు అని అబద్ధమాడినా ఈ రౌటర్ వినదు. నా దృష్టిలో అది పెద్ద గుణం.

అదే గుణం దాని లోపం కూడా. చెప్పింది వింటుంది, చెప్పనిది చూడదు. తన చేతికి తగిలిన వైరు తెగితే ఇంటర్‌ఫేస్ పడిపోతుంది, అప్పుడు ఆ వరుస పట్టికలోంచి దానంతట అదే పోతుంది. కానీ మన రౌటర్‌కీ పక్కనున్న డబ్బాకీ మధ్య వైరు బాగానే ఉండి, ఆ డబ్బాకి అవతల ఎక్కడో పది కిలోమీటర్ల దూరంలో తెగితే? లైటు పచ్చగానే ఉంటుంది. వరుస పట్టికలోనే ఉంటుంది. రౌటర్ నమ్మకంగా ప్యాకెట్లు అటే పంపుతుంటుంది, అవి పోయినచోటే పోతుంటాయి. నెట్‌వర్క్ వాళ్లు దీన్ని బ్లాక్‌హోల్ అంటారు.

మా తీరంలో ఇది పుస్తకం సంగతి కాదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140–150 కిలోమీటర్లు, ఉధృతంగా వీచినప్పుడు 165. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, ఏ వైపు చూసినా కొబ్బరిచెట్లు మొదలంటా లేచిపోయి, జీడితోటలు నేలకొరిగి ఉన్నాయి. ఉద్దానం అన్న పేరుకే కారణమైన ఆ పచ్చదనం ఒక్క రాత్రిలో పోయింది. ఒక కొబ్బరిచెట్టు కాపుకి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలిసినవాళ్లు ఆ తోటల్లో నిలబడి ఏడవడం చూశాను. కరెంటు స్తంభాలు వేలాదిగా పడిపోయాయి. రోజుల తరబడి చీకటి, ఫోను లేదు. అంతకు అయిదేళ్ల ముందు, 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర దాటినప్పుడు కూడా ఇచ్ఛాపురం, సోంపేట వైపు దెబ్బ తగిలింది. మాకు అక్టోబర్ అంటే దసరా ఎంతో తుపాను అంతే.

రెండో దారి పెట్టే పద్ధతి స్టాటిక్‌లోనూ ఉంది. ప్రతి వరుసకీ నమ్మకాన్ని బట్టి ఒక అంకె ఉంటుంది, ఎంత చిన్నదైతే అంత నమ్మకం. సిస్కో రౌటర్లలో నేరుగా తగిలిన వైరుకి 0, చేత్తో రాసినదానికి 1, ఓఎస్‌పీఎఫ్‌కి 110, రిప్‌కి 120. చేత్తో రాసే రెండో వరుస చివర 200 అని చేర్చామనుకోండి, మొదటిది ఉన్నంతసేపూ ఇది పట్టికలోకి రాదు. మొదటిది పోగానే పైకి తేలుతుంది. తేలే దారి కాబట్టి ఫ్లోటింగ్ స్టాటిక్ అంటారు. మొదటి దారి నిజంగా బతికుందో లేదో తెలియడానికి రౌటర్ చేత అవతలి కొసకి కొన్ని సెకన్లకోసారి పింగ్ కొట్టించి, జవాబు రాకపోతే వరుస తీసేయమని చెప్పవచ్చు. దాన్ని ట్రాకింగ్ అంటారు. పింగ్ కొట్టాల్సింది పక్కనున్న డబ్బాకి కాదు, దారి చివరనున్న యంత్రానికి. గదిలోనే ఉన్న మోడెమ్‌కి పింగ్ కొట్టిస్తూ బ్యాకప్ ఉందని నిద్రపోయే ఆఫీసులు చాలా చూశాను.

అంతకంటే ముఖ్యమైనది పట్టికలో కనబడదు: ఆ లైను నేల మీద ఏ దారిన వస్తోందన్నది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. రాష్ట్రమంతా సుమారు 24,000 కిలోమీటర్ల ఫైబర్‌ని కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. నేల తవ్వే ఖర్చు లేకుండా పల్లెపల్లెకీ త్వరగా చేరిన పద్ధతి అది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ స్తంభం పడితే కరెంటు తీగతో పాటు దాని మీదున్న ఫైబరూ పడుతుంది, అది ఎవరి ఫైబరైనా. రెండు కంపెనీల దగ్గర రెండు లైన్లు తీసుకుని, రెండూ ఒకే స్తంభాల వరుస మీదుగా వస్తుంటే, రౌటర్లో రెండు వరుసలుంటాయి గానీ నేల మీద ఉన్నది ఒకటే దారి. ఫ్లోటింగ్ వరుస రాసే ముందు ఆ లైను ఏ రోడ్డు మీదుగా వస్తోందో నడిచి చూడాలి. టెక్కలి వైపు ఒకటి హైవే పక్కన నేలలోంచి వస్తే, రెండోది డాబా మీద రేడియో లింకో, సిమ్ కార్డో అయి ఉండాలి. మేడమీది స్తంభానికి గై వైర్లు నాలుగు వైపులా బిగించాలి. నెట్‌వర్క్ పనిలో కీబోర్డు ముందు గడిపే సమయం కంటే ఎండలో తలెత్తి వైర్లు చూసే సమయం ఎక్కువ ఉండాలని నా నమ్మకం.

పొలిమేర గురించి పైన చెప్పాను, మాస్క్. చిరునామా రెండు వరుసలకూ సరిపోతే రౌటర్ ఇరుకైన పొలిమేర ఉన్న వరుసనే ఎంచుకుంటుంది. అందుకే 0.0.0.0 ఎప్పుడూ చివరి దిక్కవుతుంది. ఈ చిన్న నియమం ఎంత దూరం పోగలదో 2008 ఫిబ్రవరి 24న లోకం చూసింది. పాకిస్తాన్ ప్రభుత్వం తమ దేశంలో యూట్యూబ్ ఆపమంది. పాకిస్తాన్ టెలికాం ఆ చిరునామాల్లో కొన్ని తన దగ్గరే ఉన్నాయని దారి ప్రకటించింది. దేశం లోపలే ఉండాల్సిన ఆ ప్రకటన హాంకాంగ్ కంపెనీ అయిన పీసీసీడబ్ల్యూ మీదుగా బయటికి జారింది. యూట్యూబ్ తన వెయ్యి చిరునామాలకు కలిపి ఒక వెడల్పు పొలిమేర ప్రకటించుకుని ఉంది. పాకిస్తాన్‌ది అందులోనే 256 చిరునామాల ఇరుకు పొలిమేర. ఇరుకైనదే నెగ్గింది. యూట్యూబ్‌కి పోవాల్సిన ప్యాకెట్లు పాకిస్తాన్ వైపు తిరిగి, రెండు గంటలకు పైగా యూట్యూబ్ చాలా దేశాల్లో అందలేదు. కాశీబుగ్గలో జీడిపప్పు ఆఫీసు రౌటర్‌కి అంత శక్తి లేదు. నియమం మాత్రం అదే. 192.168.20.0 255.255.255.0 రాయాల్సినచోట 192.168.0.0 255.255.0.0 రాస్తే, 192.168తో మొదలై సొంత వరుస లేని ప్రతిదీ టెక్కలికి పోతుంది. రేపు సోంపేటలో మరో బ్రాంచి తెరిచిన రోజు ఎందుకు పనిచేయడం లేదో ఎవరికీ అర్థం కాదు.

ఆ రేపు గురించే నా బాధంతా. స్టాటిక్ రూట్ అంటే ఒక మనిషి ఒక రోజు ఆ చోటు గురించి తెలిసి రాసిన మాట. రౌటర్ దాన్ని ఏళ్ల తరబడి అలాగే నిలబెడుతుంది. ఈలోగా చోటు మారిపోతుంది. పలాసలో ఆసుపత్రి వచ్చింది, దానిచుట్టూ ల్యాబులు, మందుల షాపులు వస్తున్నాయి. టెక్కలి దగ్గర మూలపేటలో ఓడరేవుకి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ఆఫీసులు చేతులు మారుతున్నాయి, గోడౌన్లు ఇల్లు మారుతున్నాయి. రాసిన కుర్రాడు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతాడు. వెళ్లనివ్వండి, మంచిదే. కానీ 10.0.0.2 ఎవరిదో, ఆ వరుస ఎందుకు రాశాడో తనతో పట్టుకుపోతాడు. తర్వాత వచ్చినవాడు ఆ వరుసని చూసి తీసేయడానికి భయపడతాడు. దాని పక్కనే ఇంకొకటి రాస్తాడు. నాలుగేళ్లకి పట్టికలో పనికొచ్చేవి రెండు, భయంతో ఉంచినవి ఇరవై. సిస్కోలో వరుస చివర ‘నేమ్’ అని కొట్టి ఒక మాట తగిలించే వీలుంది, మైక్రోటిక్ రౌటర్లలో ‘కామెంట్’ ఉంది. ‘టెక్కలి గోడౌన్, లీజు లైను’ అని రాయడానికి అర నిమిషం పట్టదు. ఆ అర నిమిషం ఎవరూ ఖర్చు పెట్టరు. తుపాను వెళ్లిన మర్నాడు జనరేటర్ వెలుగులో ఆ రౌటర్ ముందు కూర్చునేది తెలియని మనిషి. అతనికి మనం విడిచిపెట్టగలిగింది ఆ ఒక్క మాటే. నేను ఏ ఆఫీసులో పని చేసినా రౌటర్ పెట్టె తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటిస్తాను. ఏ వరుస ఎక్కడికి, తిరుగు వరుస ఏ రౌటర్లో ఉంది, ఎవరు రాశారు, తారీఖు, ఆ లైను ఏ రోడ్డు మీదుగా వస్తోంది, అన్నీ తెలుగులో. యజమాని చదవగలగాలి. కరెంటు పోయినా కాగితం చదవొచ్చు.

మా వైపు ఆఫీసుల్లో, ల్యాబుల్లో, ఆసుపత్రుల్లో ఈ పని చేస్తున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒకటే కోరిక. ఒక కొసన వరుస రాసిన రోజే రెండో కొసకి వెళ్లి అక్కడి వరుస కూడా రాయండి, అక్కడినుంచి ఇటు పింగ్ కొట్టి చూసి గాని బండి తీయకండి. బ్యాకప్ దారి ఉందని యజమానికి మాట ఇచ్చి ఉంటే, ఈ సెప్టెంబర్ నెలాఖరులోగా ఒక ఆదివారం పూట, ఎవరూ పనిచేయని వేళ, మెయిన్ లైను కేబుల్ మీ చేత్తో పీకి, రెండో దారి తేలుతుందో లేదో చూడండి. తేలకపోతే సరిచేసుకోవడానికి అక్టోబర్ దాకా కాస్త వ్యవధి ఉంటుంది.